తెర దిగని రెండో ప్రకటన

నాకు అన్నిటికంటే పెద్ద భయం, మా చెల్లి నలుగురిలో తల దించుకోవడం. పాపకి జ్వరమొస్తుందేమో, మా ఆయన లారీ దారిలో ఆగిపోతుందేమో, వానలకి కాలవ గట్టు తెగుతుందేమో అనే భయాలన్నీ దాని తరవాతే.

మా చెల్లి పేరు హెలెన్. రామచంద్రపురంలో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. నాన్న పోయిన ఏడు నేను పదో తరగతి మధ్యలో మానేశాను. అది మాత్రం ఆగకుండా డిప్లొమా దాకా చదివింది. గుడిలో క్వయర్‌లో మొదటి గొంతు దానిదే. అది పాట ఎత్తుకుంటే నా ఒళ్ళో పాప కూడా పాలు తాగడం ఆపి చూస్తుంది.

మా లూథరన్ సంఘంలో పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా అబ్బాయికి, ఫలానా అమ్మాయికి వివాహం జరగబోతున్నది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే తెలియజేయాలి అని. ఎవరూ తెలియజేయరు. మేము అయ్యగారని పిలుచుకునే పాస్టరు గారు ఒక్క క్షణం ఆగి, కళ్ళజోడు సర్దుకుని, కానుకల పాటకి వెళ్ళిపోతారు.

హెలెన్‌కి ఉదయ్‌కుమార్ అనే అబ్బాయితో ప్రధానం అయింది. ఉంగరాలు మార్చుకున్నారు. మొదటి ప్రకటన అయింది. రెండో ఆదివారం కూడా అయ్యగారు చదివి, అలవాటుగా ఆగి, కళ్ళజోడు మీద చెయ్యి వేశారు.

క్వయర్‌లోంచి ఒక చెయ్యి లేచింది.

"నాకు అభ్యంతరం ఉందండి అయ్యగారూ."

అయ్యగారు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. "నీకేంటమ్మా? ఇది నీ పెళ్ళే కదా?"

"అందుకేనండి. నాకంటే ముందు చెప్పాల్సిన వాళ్ళు ఎవరుంటారు?"

మా అమ్మ సువార్తమ్మ చేతిలో గొడుగు జారి సిమెంటు నేల మీద టప్పున పడింది. 

జరిగిందేంటంటే, ప్రధానం అయిన మర్నాటి నుంచి ఆ అబ్బాయి గంటగంటకీ ఫోన్. ఎక్కడున్నావ్, ఫొటో పెట్టు. ఎవరితో ఉన్నావ్, ఫొటో పెట్టు. ఒకరోజు ల్యాబ్‌లో ఒక పెద్దాయన చేతికి రబ్బరు పట్టీ కట్టి ఇది సూది గుచ్చబోతుంటే, ఫోన్‌లో అతనికి మగగొంతు వినబడిందట. పేషెంటు చేతికి సూది గుచ్చుతున్నానని ఇది చెబితే, "ఆ చెయ్యి ఎవరిదో ఫొటో పెట్టు" అన్నాడట. ఆ పెద్దాయనకి ఎనభై దాటాయి.

ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, తిన్నగా గుడిలో చెప్పింది. నాకు భయమేసింది. కానీ లోపల ఇంకేదో కూడా కదిలింది. నేనైతే మూడో ప్రకటన కూడా వింటూ కూర్చునేదాన్ని. పెళ్ళి కూడా చేసేసుకునేదాన్ని. ఇంత గొంతు ఇది ఎక్కడ దాచుకుందో అనిపించింది.

సంబంధం ఆగిపోయింది. ఉంగరాలు వెనక్కి వెళ్ళాయి. అంతటితో అయిపోయిందనుకున్నాం.

తరవాతి ఆదివారం ఆరాధనకి ముందు ఎప్పటిలాగే వేదిక వెనక గోడకున్న ప్రొజెక్టర్ తెర మీద బొమ్మలు తిరుగుతున్నాయి. పుట్టినరోజు శుభాకాంక్షలు, స్త్రీల సమాజం కూడిక, బాప్తిస్మం ఫొటోలు. ఉన్నట్టుండి నాలుగు మూలలా గులాబీలు, మధ్యలో రెండు పావురాలు. ఎడమ వైపు చి. ఉదయ్‌కుమార్, కుడి వైపు కుమారి హెలెన్. కింద, రెండవ ప్రకటన.

వెనక బెంచీలోంచి గుసగుస. "మళ్ళీ కుదిరిందా ఏంటమ్మా?"

ఇంకో గొంతు. "ఏమో, ఈ అమ్మాయి మళ్ళీ ఏం లేచి చెప్తుందో!"

నవ్వులు. హెలెన్ వెనక్కి తిరిగి తెర చూసింది. ఆ రోజు పాడిందిగానీ, పాట పుస్తకంలోంచి కళ్ళెత్తలేదు. పాటలన్నీ దానికి నోటికొచ్చు.

శనివారం మధ్యాహ్నం నన్నూ పాపనీ వెంటబెట్టుకుని గుడి వెనక, గుడి సామాన్లు పెట్టుకునే వెస్ట్రీ గదికి వెళ్ళింది. అక్కడ కంప్యూటర్ ముందు విజయ్ పాల్ కూర్చున్నాడు. కొత్తగా మా సంఘంలో చేరాడు. రైస్ మిల్లు దగ్గర వేబ్రిడ్జిలో ధాన్యం లారీల బరువు చూసే ఉద్యోగం. రోజంతా కంప్యూటర్ ముందే కూర్చుంటాడు కాబట్టి కంప్యూటర్ వచ్చే ఉంటుందని పెద్దలు తెర పని అతనికి అప్పగించారు.

"ఈ తెర చూసేది మీరేనా?"

అతను గబుక్కున లేచాడు. "అవునండి. వందనాలండి."

"వందనాలు తరవాత. నా పేరు ఇంకా ఎందుకు పెడుతున్నారు?"

"నేను పెట్టట్లేదండి. అదే పోవట్లేదండి."

"పోవట్లేదా? ఏమన్నా జలుబా?"

నాకు నవ్వొచ్చింది. అతనికీ వచ్చిందిగానీ మింగేశాడు. "చూడండి, మీ ముందే చేస్తాను" అని డిలీట్ నొక్కాడు. తెర మీద ఏదో పెట్టె వచ్చింది. అతను ఓకే కొట్టాడు. పావురాలు అక్కడే ఉన్నాయి. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ పెట్టె. మళ్ళీ ఓకే.

"మిగతావి ఎలా పోతున్నాయి మరి?"

"మిగతావి మర్యాదగా పోతాయండి. ఇదొక్కటే మొండిది."

హెలెన్ నడుం మీద చెయ్యి వేసింది. "ఎవర్ని మొండి అంటున్నారు?"

"ఫైల్‌నండి! ఫైల్‌నే!"

"వేరే ఫోల్డర్ పెట్టుకోవచ్చు కదా?"

"పెట్టానండి. ఈ స్లైడ్‌షో మాత్రం పాత దాన్నే వెతుక్కుంటూ వెళ్తోంది. అది మార్చే చోటు నాకు దొరకలేదు. పోనీ తెర ఆపేద్దామంటే, పాటల మాటలన్నీ ఇందులోనే వస్తాయి. పెద్దవాళ్ళు పుస్తకం చదవలేరండి." అతను మౌస్ వంక దీనంగా చూశాడు. "వచ్చే ఆదివారానికి తీసేస్తానండి. నాది పూచీ."

వచ్చే ఆదివారం రానే వచ్చింది. పావురాలూ వచ్చాయి.

కానీ ఈసారి ఒక విచిత్రం జరిగింది. గులాబీలు కనబడగానే విజయ్ పాల్ తన కుర్చీలోంచి లేచి, వైరేదో సరిచేస్తున్నట్టు ప్రొజెక్టర్‌కి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. మా చెల్లి పేరు గోడ మీద పడాల్సింది అతని తెల్లచొక్కా వీపు మీద పడింది. ఒక్క మనిషి వీపు ఎంతని మూస్తుంది? ఎడమ వైపు పేరు తెర మీదే మిగిలిపోయింది. ఒక పావురం, పక్కన చి. ఉదయ్‌కుమార్, అంతే. ఆ అబ్బాయి ఒక్కడే తనని తాను పెళ్ళి చేసుకుంటున్నట్టుంది.

ఈసారి నవ్వులు వేరే వైపు తిరిగాయి.

"ఏమయ్యా, అడ్డం లే!" అని ఒక పెద్దాయన కసిరాడు. "వైరండి, వైరు" అన్నాడు తప్ప బొమ్మ మారేదాకా అతను కదల్లేదు. ప్రొజెక్టర్ వెలుగు వేడికి మెడ మీద చెమట కారుతోంది.

ఆ తరవాతి శనివారం హెలెన్ మళ్ళీ వెళ్ళి నిలదీసింది, ఆదివారం మళ్ళీ అంతే. ఈసారి తిట్లు ఇంకాస్త ఎక్కువ తిన్నాడు.

హెలెన్ ఇదేదీ చూడలేదు, పుస్తకంలోంచి తలెత్తితే కదా. క్వయర్ వాళ్ళు జనం వైపు తిరిగి కూర్చుంటారు, తెర వాళ్ళ వెనక. నవ్వులు మాత్రం దానికి వినబడతాయి. ఎవర్ని చూసి నవ్వుతున్నారో తెలీదు. నేను చెబుదామనుకుంటూనే ఉన్నాను. పాపకి దగ్గు పట్టుకుని ఆ వారమంతా నాకు ఇంకో ధ్యాస లేకపోయింది.

కోత పండుగ ముందు రోజు, శనివారం, పొద్దున్నుంచీ ఒకటే వాన. కొబ్బరాకుల మీద పడి, గుడి రేకుల మీద పడి, మనిషి మాట మనిషికి వినబడనంత వాన. మర్నాడు చుట్టుపక్కల సంఘాల వాళ్ళంతా వస్తారు. ఉదయ్‌కుమార్ వాళ్ళ సంఘం క్వయర్ కూడా వస్తోంది.

"అక్కా, రేపు వాళ్ళ ముందు ఆ బొమ్మ పడితే నేనిక ఈ గుడి మెట్లెక్కను" అంది హెలెన్. "పాడను కూడా. కాకినాడ ల్యాబ్‌లో రమ్మంటున్నారు, వెళ్ళిపోతాను."

అది అన్నదంటే చేస్తుంది. పాపని చీర కొంగులో చుట్టుకుని, గొడుగులో సగం తడుస్తూ దాని వెనకే పరుగెత్తాను.

విజయ్ పాల్ అప్పటికే తల పట్టుకుని కూర్చున్నాడు. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాడట. వైరస్ తీసేదేదో నడిపించాడట. సామర్లకోటలో ఫ్రెండ్‌కి ఫోన్ చేస్తే, కంప్యూటర్ మొత్తం తుడిచెయ్యమన్నాడట. తుడిచేస్తే పాటలన్నీ పోతాయి.

హెలెన్ గొడుగు మూసి గోడకి ఆనించింది. "ఒక మాట అడుగుతాను, నిజం చెప్పండి. నేను ప్రతి శనివారం వచ్చి ఇక్కడ నిలబడాలనే కదా దాన్ని ఉంచుతున్నారు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి.

"మీరు రావాలని ఉంటుందండి. అది నిజం" అన్నాడు. "శుక్రవారం నుంచే ఉంటుంది. కానీ అందుకోసం మీ పేరు గోడకెక్కించనండి. నేను అలాంటివాణ్ణి కాదు."

"మాటలు బాగానే చెప్తున్నారు..."

ఇక నేను ఆగలేకపోయాను. "హెలెన్, నోర్ముయ్ ఒకసారి. ఈయన ఏం చేస్తున్నాడో నీకు తెలీదు. నీ పేరు వచ్చినప్పుడల్లా ప్రొజెక్టర్‌కి అడ్డం నిలబడుతున్నాడు. అందరి చేతా తిట్లు తింటున్నాడు. నీ పేరు ఈయన చొక్కా మీదే పడింది గానీ గోడ మీద పడలేదే."

హెలెన్ అతని వైపు తిరిగింది. "అక్క చెప్పేది నిజమా?"

"వైరు లూజుగా ఉందండి."

"ఏ వైరు?"

అతను బల్ల కింద వెతికాడు. చూపించడానికి ఒక్క వైరు కూడా లూజుగా లేదు.

మా చెల్లి ముఖంలో కోపం పోవడం నేను చాలాసార్లు చూశాను, చిన్నప్పటి నుంచీ ఎత్తుకు తిరిగినదాన్ని. కానీ ఆ రోజు పోయిన తీరు వేరు. ఎండలో బట్ట ఆరినట్టు మెల్లగా, అంచుల నుంచి పోయింది. అది ఇంకో కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది.

"జరగండి. ఇంకోసారి డిలీట్ నొక్కండి. ఓకే మాత్రం కొట్టకండి."

నొక్కాడు. పెట్టె వచ్చింది. హెలెన్ ముందుకి వంగి, ల్యాబ్ రిపోర్టు చదివినట్టు వేలు పెట్టి చదివింది.

"ఇన్నాళ్ళూ ఇందులో ఏం రాసుందో చదివారా?"

"డిలీట్ అవ్వదనేగా అండి?"

"చదవకుండానే ఓకే కొట్టేస్తున్నారన్నమాట! మా దగ్గర కూడా జనం రిపోర్టు చూడకుండానే షుగర్ ఉందాండీ అని అడుగుతారు. ఇక్కడేముందంటే, పేరు మరీ పొడుగైపోయిందట. ఆ పొడుగు దీనికి పట్టట్లేదట."

"పొడుగేంటండి? హెలెన్ ప్రకటన అని రెండు మాటలే కదా?"

"ఇది ఏ ఫోల్డర్‌లో ఉంది?"

పైకి వెళ్ళి చూశారు. ఫోల్డర్ లోపల ఫోల్డర్, దాని లోపల ఇంకో ఫోల్డర్. అన్నీ తెలుగులోనే ఉన్నాయి కాబట్టి నేనే పైకి చదివాను. మొదటిది, 'గౌరవనీయులైన అయ్యగారి ఆశీస్సులతో, సంఘ పెద్దలందరి ప్రోత్సాహంతో జరుగు ఆరాధన చిత్రములు'. దాని లోపల, 'సంఘ కార్యదర్శి శ్రీ ముసలయ్య గారి పర్యవేక్షణలో ఆదివారపు ప్రకటనలు'. దాని లోపల, 'స్త్రీల సమాజం అధ్యక్షురాలు శ్రీమతి గారి మరియు సభ్యురాండ్ర గారి సహకారంతో వివాహ ప్రకటనలు'.

పెళ్ళి శుభలేఖలో కూడా అంత మర్యాద ఉండదు.

"మొత్తం కలిపి ఒకే పేరు కింద లెక్కేసుకుంటోంది ఇది" అంది హెలెన్. "ముందు ఈ బొమ్మ లోపల పెట్టారు. తరవాత బయట పేర్లు పెంచుకుంటూ పోయారు. పాపం, లోపల ఇరుక్కుపోయింది."

విజయ్ పాల్ దాన్ని చూస్తున్నాడు. కంప్యూటర్‌ని కాదు, మా చెల్లిని. అతని చూపులో ఏముందో నాకు తెలుసు. చెయ్యి ఎత్తిన ఆదివారం నా చూపులో ఉన్నదీ అదే.

సరిగ్గా అప్పుడే ముసలయ్య గారు గొడుగు దులుపుకుంటూ వచ్చారు. సంఘ కార్యదర్శి, ఆ ఫోల్డర్లన్నిటికీ నామకరణం చేసిన మనిషి. మనవడి దగ్గర కంప్యూటర్ నేర్చుకున్నారు. సంగతి చెప్పి, పేర్లు కురచ చేస్తామని అడిగాం.

"అయ్యగారి పేరు తీసేస్తారా?" ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "అయ్యగారు చూస్తే ఏమనుకుంటారమ్మా?"

"తీసేది కంప్యూటర్‌లోంచే తాతగారూ. మర్యాద మన నోట్లో ఉంటే చాలదా?" అంది హెలెన్.

ఆయన విజయ్ పాల్ వైపు తిరిగారు. "అయితే ముందు నా పేరు తియ్యి బాబూ. పెద్దవాణ్ణి, నేనే మొదలెట్టాలి."

ఆయన పేరు తీసేశారు. డిలీట్ నొక్కారు. పెట్టె మళ్ళీ వచ్చింది, ఇంకా పొడుగే.

"స్త్రీల సమాజాన్ని తియ్యమంటారాండి?" అడిగాడు విజయ్ పాల్.

"వామ్మో! వాళ్ళతో నేను వేగలేను. దానికంటే అయ్యగారే నయం, క్షమిస్తారు." ముసలయ్య గారు తెరకి రెండు చేతులూ జోడించి, "క్షమించండి అయ్యగారూ" అని కళ్ళు మూసుకున్నారు. "ఊఁ, కానివ్వు."

అంత పొడుగు మర్యాద పోయి, 'ఆరాధన' అనే ఒక్క మాట మిగిలింది. విజయ్ పాల్ డిలీట్ నొక్కాడు.

పావురాలు ఎగిరిపోయాయి.

ఇన్ని వారాలు ఏడిపించినది చిన్న చప్పుడు చేసి పోయింది. నేను పాపని గట్టిగా పట్టుకున్నాను. అది కేరుమంది.

"పోయిందా?" హెలెన్ ముందుకి వంగి అడిగింది.

"రీసైకిల్ బిన్‌లో ఉందండి." అతను కుర్చీలోంచి లేచి పక్కకి జరిగాడు. "అక్కడి నుంచి మీరే తీసెయ్యండి. మీ పేరు కదా."

హెలెన్ మౌస్ పట్టుకుంది. నిజంగా తీసెయ్యమంటారా అని కంప్యూటర్ అడిగింది. మా చెల్లి ఆ ప్రశ్న పూర్తిగా చదివి మరీ నొక్కింది.

వాన కొంచెం నెమ్మదించింది. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. హెలెన్ గొడుగు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"ఇక శనివారాలు నేను రానక్కర్లేదు కదా?"

"అక్కర్లేదండి." ఆ ఒక్క మాట అతని నోట్లోంచి చాలా కష్టం మీద వచ్చింది.

"అక్కర్లేకపోతే రాకూడదా?"

అతని చెయ్యి తగిలి మౌస్ జారి బల్ల అంచున వేలాడింది. ముసలయ్య గారు గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగి నిలబడ్డారు. "నాకు సరిగా వినబడదమ్మా, మీరు మాట్లాడుకోండి" అన్నారు. ఆయన చెవులు పాము చెవులు. ఆ సాయంత్రానికే సంఘంలో సగం మందికి తెలిసిపోయింది.

మర్నాడు కోత పండుగ. వరి కంకులు, అరటి గెలలు, గుమ్మడికాయలతో వేదిక నిండిపోయింది. ఉదయ్‌కుమార్ వాళ్ళ క్వయర్ ముందు బెంచీల్లో కూర్చుంది. తెర మీద పుట్టినరోజులు వచ్చాయి, బాప్తిస్మాలు వచ్చాయి, మళ్ళీ పుట్టినరోజులు వచ్చాయి. అంతే, ఇంకేమీ రాలేదు. హెలెన్ పుస్తకం మూసేసి, ఎదురుగా జనం వైపు చూస్తూ పాట ఎత్తుకుంది. ఆఖరి బెంచీ దాకా వెళ్ళిన ఆ గొంతు అక్కడితో ఆగలేదు.

ఇంటికి వచ్చాక అమ్మ బియ్యం కడుగుతూ అంది. "ఆ వైరు అబ్బాయిని భోజనానికి రమ్మను."

"నీకెలా తెలుసమ్మా?"

"ఆడవాళ్ళ వైపు కూర్చున్న వాళ్ళందరికీ తెలుసు. తెల్లచొక్కా మీద అంత పెద్ద అక్షరాలు కనబడవా ఏంటి?"

విజయ్ పాల్ ఒక బొప్పాయి పండు పట్టుకుని వచ్చాడు. అమ్మ పులుసు వడ్డించి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఒకటే అడుగుతాను బాబూ. మా అమ్మాయిని రోజుకెన్ని ఫొటోలు పెట్టమంటావు?"

"నా ఫోన్‌లో చోటు లేదండి."

హెలెన్‌కి పొలమారింది. అమ్మ గిన్నెలో ఉన్న చేపముక్కల్లో పెద్దది తీసి అతని విస్తట్లో వేసింది. మా ఇంట్లో పెద్దలు ఒప్పుకోవడం అంటే అదే.

పెళ్ళయ్యాక మిల్లు వాళ్ళు అతన్ని నిడదవోలు మార్చారు. హెలెన్‌కి అక్కడే ఒక ల్యాబ్‌లో పని దొరికింది. ఇప్పుడు వట్టి మనిషి కాదు, నెలలు నిండుతున్నాయి. ఫోన్ చేస్తే "బాగానే ఉన్నానక్కా" అంటుంది. బాగా లేకపోయినా అది అదే మాట అంటుంది. అతన్ని అడిగితే, "నాతో కూడా అదేనండి అక్కా" అంటున్నాడు. మా పాపకి దవడపళ్ళొస్తున్నాయి, విరోచనాలు తగ్గట్లేదు. మా ఆయన లారీ మీద వెళ్ళి ఇంకా రాలేదు. నేను కదిలే దారి లేదు.

మీలో ఎవరైనా నిడదవోలులో రైలు మారేవాళ్ళుంటే, కాస్త తీరిక ఉంటే, స్టేషన్ నుంచి మిల్లు రోడ్డులోకి నడవండి. వేబ్రిడ్జి పక్కన ఆకుపచ్చ తలుపుల వాటా. నా పేరు చెప్పండి, బేబీ అక్క పంపిందని. మంచినీళ్ళిమ్మని అడగండి, తెచ్చేటప్పుడు ఎలా నడుస్తోందో చూడండి. పాదాలు వాచాయేమో చూడండి. అది బాగానే ఉన్నానంటుంది, ఆ మాట నమ్మకండి. ముఖం చూసి, మీకేమనిపించిందో నాకు చెప్పండి.